ఇనుము రంగు ఆకుపచ్చ

కిందటి జూన్ పన్నెండో తేదీ నుంచి మా రాష్ట్రంలో ఇనుము రంగు ఆకుపచ్చ. అంతకుముందు ఏ రంగో ఉత్తర్వులో రాయలేదు కాబట్టి నేనూ చెప్పలేను.

నా పేరు ఉరిటి నరసింగరావు. మన్యం అంచున ఉన్న ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై రెండేళ్ల సర్వీసులో పైనుంచి వచ్చిన కాగితాన్ని అనుమానించి ఎరగను. కాగితం వచ్చిందంటే ఎవరో పెద్దవాళ్లు ఆలోచించే ఉంటారని నా నమ్మకం.

ఈ ఉత్తర్వు వెనక కూడా ఆలోచన ఉంది. రాజధానిలో ప్రయోగశాలల సమన్వయ శాఖ అని ఒకటుంది. ఆ శాఖ సమీక్ష సమావేశంలో ఒక కాలేజీ ల్యాబ్ జాబితా పెద్ద అధికారి కంట పడింది. అందులో మాంగనీసు నాలుగు చోట్ల ఉంది. ఒకచోట లేత గులాబీ రంగు, ఒకచోట నలుపు, ఇంకోచోట ఆకుపచ్చ, మరోచోట ఊదా. పక్కన వరసగా రెండు, నాలుగు, ఆరు, ఏడు అని అంకెలు.

"ఓటర్ల జాబితాలో ఒకే మనిషి నాలుగు చోట్ల కనబడితే ఏం చేస్తాం?" అని ఆయన అడిగారట.

"మూడు తీసేస్తాం సార్" అన్నారట అందరూ.

పది రోజుల్లో 'లోహమిత్ర' అనే పోర్టల్ తయారైంది. దాంతోపాటు మాకొక మెమో వచ్చింది.

"తెలియజేయునది ఏమనగా, రాష్ట్రమందలి సమస్త లోహములు ఇకమీదట ఒక మూలకము, ఒక స్థితి, ఒక రంగు అను సూత్రమునకు కట్టుబడి ఉండవలెను. ఒకటికి మించి స్థితులు కలిగియున్న లోహముల అదనపు స్థితులు బోగస్‌గా పరిగణింపబడును. ఇందుకు సంబంధిత కళాశాలలే బాధ్యత వహించవలెను."

చదవడానికి బాగుంది. నంబరు వేసి సుగుణావతి మేడమ్ బల్ల మీద పెట్టాను.

గొర్లె సుగుణావతి గారు మా కెమిస్ట్రీ లెక్చరర్. ప్రిన్సిపాల్ పోస్టు నాలుగేళ్లుగా ఖాళీ కాబట్టి ఇన్‌ఛార్జ్ ప్రిన్సిపాల్ కూడా ఆవిడే. సన్నగా, పొడుగ్గా ఉంటారు. గొంతు పెంచరు. ల్యాబ్‌లో పిల్లలకి ఆవిడ నేర్పేది ఒక్కటే: కంటికి ఏం కనబడిందో అది రాయండి, ఏం కనబడాలో అది కాదు. ఆ అలవాటు ప్రభుత్వ సర్వీసులో మనిషిని ఎంత దూరం తీసుకెళ్తుందో నాకు అప్పటికి తెలియదు.

ఆవిడ మెమో రెండుసార్లు చదివి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. పోర్టల్లో ఇనుముకి ఒక్కటే వరస. స్థితి దగ్గర ఒక్క అంకె పడుతుంది. రెండు అని కొట్టి, పక్కన మూడు అని కొడితే ఎర్రక్షరాలతో "మీరు నకిలీ నమోదుకు ప్రయత్నిస్తున్నారు" అని వచ్చింది.

"ఫోన్ కలపండి నరసింగరావు గారూ" అన్నారు.

శాఖలో మా ప్రాంతం చూసేది ఉప సంచాలకులు విశ్వంభరం గారు. ఆయన చదువుకున్నది వాణిజ్యశాస్త్రమైనా లోహాల మీద పట్టు సాధించారని ఆఫీసులో చెప్పుకుంటారు. మేడమ్ స్పీకర్ ఆన్ చేసి మాట్లాడారు.

"సర్, ఇవి పరివర్తన లోహాలు. ఇనుము ఒక సందర్భంలో రెండు ఎలక్ట్రాన్లు వదులుతుంది, ఇంకో సందర్భంలో మూడు. ఫెర్రస్ అయితే లేత ఆకుపచ్చగా ఉంటుంది, ఫెర్రిక్ అయితే గోధుమ. రెండూ నిజమే."

"సందర్భాన్ని బట్టి మారేవాళ్లని మనం ప్రోత్సహించకూడదమ్మా."

"అది వాటి స్వభావం సర్. లోపల డి అనే గదులుంటాయి. పది ఎలక్ట్రాన్లు పట్టే చోటు. అది పూర్తిగా నిండకపోవడం వల్లే వీటికి ఇన్ని స్థితులు, ఇన్ని రంగులు."

అవతల కాగితం తీస్తున్న చప్పుడు వినబడింది. "శాంక్షన్ పది అన్నారు. ఇనుములో ప్రస్తుతం ఎంతమంది ఉన్నారు?"

"ఆరుగురు... ఆరు సర్."

"అంటే నాలుగు ఖాళీలు. ఎప్పటినుంచి?"

మేడమ్ కాసేపు ఆలోచించారు. "మొదటినుంచీ సర్."

"బ్యాక్‌లాగ్ అన్నమాట. ఇంతకాలం ఎవరూ మా దృష్టికి తేలేదు. పది నిండినవి ఏవైనా ఉన్నాయా అసలు?"

"జింక్ ఉంది సర్. దాంట్లో పదీ నిండాయి. అందుకే దాన్ని పరివర్తన మూలకంగా లెక్కపెట్టం. వాటి వరసలోనే ఉంటుంది గానీ రంగులుండవు, స్థితి కూడా రెండే, మారదు."

"చూశారా. ఒకరికి సాధ్యమైనప్పుడు మిగతావాళ్లకి ఎందుకు కాదు?" అన్నారాయన. ఆ మాటలో సంతోషం వినబడింది.

వారంలో రెండు కాగితాలు వచ్చాయి. మొదటి దాని ప్రకారం ప్రతి లోహానికీ అతి తక్కువ స్థితే శాశ్వత స్థితి. ఇనుము రెండు, ఆకుపచ్చ. మాంగనీసు రెండు, గులాబీ. రాగి విషయంలో మాత్రం మైలుతుత్తం అందరూ చూసిందే కాబట్టి రెండు, నీలం అని ఖాయం చేశారు. ఒక రంగు ఒక లోహానికి కేటాయించాక మరొకటి వాడుకోరాదు. అందువల్ల ఆకుపచ్చ కోసం దరఖాస్తు చేసుకున్న నికెల్‌ని వెయిటింగ్‌లో పెట్టారు. రెండో కాగితంలో డి గదుల ఖాళీలు మార్చి నెలాఖరులోగా భర్తీ చేసి నివేదిక పంపమన్నారు. లక్ష్యం నూరు శాతం సాధించినందుకు జింక్‌కి ప్రశంసాపత్రం జతచేశారు. పంద్రాగస్టు నాడు జెండా ఎగరేశాక దాన్ని నేనే చదివాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. జింక్ ముక్కల సీసాని మా ల్యాబ్ అటెండర్ పైడయ్య పట్టుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత వారం విశ్వంభరం గారు తనిఖీకి వచ్చారు. చేతిలో రంగుల పట్టిక ఉంది, పెయింట్ల షాపులో ఇచ్చేలాంటిది. ఒక్కో సీసా పక్కన పెట్టి సరిచూస్తూ వచ్చారు. మాంగనీస్ డయాక్సైడ్ నల్లగా ఉందని అభ్యంతరం చెప్పబోతే, మేడమ్ చిటికెడు తీసి హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో వేసి చూపించారు. బుసబుసా నురగ వచ్చింది.

"ఈ పొడి పనిని వేగంగా జరిపిస్తుంది సర్. చివరికి చూస్తే వేసింది వేసినట్టే ఉంటుంది."

పనిలో ఉండి కూడా తాను ఏమీ ఖర్చు కాకుండా బయటపడే ఈ గుణం ఆయనకి బాగా నచ్చింది. దాన్ని వదిలేశారు.

తర్వాత ఫెర్రస్ సల్ఫేట్ సీసా దగ్గర ఆగారు. మాది వానల ఊరు. సీసా మూత వదులైంది. పైన ఉన్న పలుకులన్నీ పసుపు తిరిగి, గోధుమ రంగులోకి దిగాయి.

"ఇందులో ఉన్న ఆకుపచ్చ ఇనుము ఏమైంది?"

పైడయ్య చేతులు కట్టుకున్నాడు. "ఏటీ అవలేదు బాబూ. తడిగాలి తగిల్తే అలాగైపోతాది. మా ఇంటి కాడ పార కూడా అంతే."

"అంటే మార్పు జరిగిందని ఒప్పుకుంటున్నారు."

"మార్పే సర్" అన్నారు మేడమ్. "గాలిలో ఉన్న ఆక్సిజన్ వల్ల రెండో స్థితి నుంచి మూడో స్థితికి వెళ్లింది. ఇది పాఠంలో ఉన్నదే."

"ఎవరి అనుమతితో వెళ్లింది?"

మేడమ్ జవాబివ్వలేదు. ఆయన మాత్రం 'మౌనం వహించిరి' అని రాసుకున్నారు.

అభియోగ పత్రం తపాలాలో వచ్చింది. ఇనుము అనధికారికంగా స్థితి మార్చుకొనుటకు సహకరించుట, ఆకుపచ్చ ఇనుము స్థానంలో గోధుమ ఇనుము ఉంచుట, తనిఖీ అధికారి ఎదుట మౌనం వహించుట అని మూడు అభియోగాలు. ఇన్‌ఛార్జ్ ప్రిన్సిపాల్ ద్వారా లెక్చరర్‌కి అందజేయాలని చివర రాశారు. అందువల్ల మేడమ్ ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చుని మెమో అందజేస్తున్నట్టు ఒక సంతకం, లేచి ఎదురు కుర్చీలోకి వెళ్లి అందుకున్నట్టు ఒక సంతకం చేశారు. కుర్చీ మారనవసరం లేదని నేనన్నాను. "పద్ధతి ఉంది కదండీ" అన్నారావిడ. ఆవిడ నవ్వుతున్నారో లేదో నాకు తెలియలేదు.

ఇంతవరకూ జరిగింది ఆఫీసు వ్యవహారం. ఇలాంటివి వస్తాయి, ఏళ్లు నడుస్తాయి, ఎవరికీ నొప్పి ఉండదు. నాకు నిద్ర చెడింది ఐరన్ మాత్రల దగ్గర.

మా కాలేజీలో ఆడపిల్లలు నూట పద్దెనిమిది మంది. చాలామంది కొండమీది ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటారు. రక్తం తక్కువని వాళ్లకి గురువారం గురువారం మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒక్కో ఐరన్ మాత్ర ఇస్తాం. ఆసుపత్రి నుంచి పెట్టెలు వస్తాయి. లోహం ఉన్న ఏ సరుకైనా పోర్టల్లో ఎక్కించాకే పంచాలని ఆగస్టులో కొత్త నిబంధన వచ్చింది. నేనే కూర్చుని ఎక్కించాను. సరుకులో ఉన్న లోహం, ఇనుము. స్థితి, రెండు. అక్కడివరకూ పోర్టల్ ఒప్పుకుంది. రంగు దగ్గర నీలం అని నొక్కాను. ఆ మాత్రల పైపూత నీలం.

"తిరస్కరించబడినది. నీలం రంగు రాగికి కేటాయించబడినది" అని వచ్చింది.

మేడమ్ ఆ రోజే ఉత్తరం రాశారు. పైన పూసిన రంగు వేరు, లోపలి లోహం రంగు వేరు అని వివరించారు. జవాబు వెంటనే వచ్చింది, అది నాకు ఆశ్చర్యం. "ఇనుముపై విచారణ పెండింగులో ఉన్నందున, సదరు లోహమును ఏ రూపమునను పంపిణీ చేయరాదు" అని ఉంది. పెట్టెలు బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళం కూడా ఇనుమే కదా, వేయవచ్చా అని పైడయ్య అడిగాడు. ఆ సంగతి పైకి రాయవద్దని చెప్పాను.

ఒక గురువారం గడిచింది. ఇంకోటి గడిచింది. సెప్టెంబరు రెండో వారంలో, ఉదయం ప్రార్థన మధ్యలో, బిడ్డిక కళావతి అనే సెకండియర్ అమ్మాయి నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయింది. గడ్డం మెట్టు అంచుకి తగిలి చీరింది. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఏడు ఉంది. పన్నెండు ఉండాలి.

నేనూ మేడమూ మంచం పక్కన నిలబడ్డాం. ఆ పిల్ల అరచెయ్యి తిప్పి చూస్తే కాగితంలా ఉంది.

"కళ్లు తిరిగిపోనాయి మేడమ్" అంది. "ఇప్పుడు ఫర్లేదు. ప్రాక్టికల్ పోద్దేమో అని."

"పోదులే. పడుకో."

ఆ పిల్ల మెల్లగా అడిగింది. "నా రక్తంలో ఉండే ఇనుము ఎర్రగా కదా మేడమ్ ఉంటాది. అది కూడా వాళ్లు ఒప్పుకోరేటి?"

మేడమ్ దుప్పటి సర్ది బయటికి వచ్చేశారు. నేను వచ్చేసరికి వరండాలో గోడవైపు తిరిగి ఉన్నారు. ఆవిడ అలా నిలబడటం నేను అంతకుముందు చూడలేదు.

ఆ నెలాఖరునే విచారణ. విశ్వంభరం గారు, ఆయనతో ఇద్దరు సభ్యులు మా ల్యాబ్‌లో కూర్చున్నారు. చూసింది చూసినట్టు రాయడానికి నన్ను రికార్డు రాసే మనిషిగా పెట్టారు. ఇనుము అసలు రంగు ఏదో కమిటీ ముందు తేల్చమని మేడమ్‌ని ఆదేశించారు.

ఆవిడ కొత్త సీసా తెరిచి, ఆకుపచ్చ పలుకులు నీళ్లలో కరిగించి, పరీక్షనాళికలో పోశారు. అందులో కాస్టిక్ సోడా ద్రావణం చుక్కలు వేశారు. అడుగున మురికి ఆకుపచ్చగా ముద్దలాంటి అవక్షేపం దిగింది.

"ఆకుపచ్చ" అన్నారు విశ్వంభరం గారు. "రాయండి నరసింగరావు గారూ. శాఖ చెప్పిందే నిజమైంది."

నేను రాయడం మొదలుపెట్టాను. 'కమిటీ వారి సమక్షమున పరీక్షనాళికయందు ఏర్పడిన అవక్షేపము' అని రాసి తలెత్తేసరికి నాళికలో పైభాగం గోధుమ రంగుకి తిరిగింది.

"సార్, పైన గోధుమ వచ్చింది."

"అయితే పైభాగము గోధుమ, కింద ఆకుపచ్చ అని రాయండి."

నేను కొట్టివేత పక్కన ముగ్గురి పొడి సంతకాలు తీసుకున్నాను, అది నియమం. సంతకాలు పూర్తయ్యేసరికి గోధుమ సగం దాకా దిగింది. మళ్లీ కొట్టివేత, మళ్లీ సంతకాలు. రెండో సభ్యుడికి పెన్ను ఆగిపోయింది. పెన్ను మార్చుకునేలోపు ఇంకో వేలెడు దిగింది. మూడోసారి సంతకాలు అడిగితే మొదటి సభ్యుడు నాళికకి చేతిరుమాలు కప్పమన్నాడు. కప్పారు. రుమాలు తీసి చూస్తే మొత్తం గోధుమ.

"దీన్ని కాసేపు ఆపలేరా?" అని విశ్వంభరం గారు అడిగారు. కోపంగా అడగలేదు, అలిసిపోయి అడిగారు.

"గాలి తగలకుండా చేస్తే ఆగుతుంది సర్" అన్నారు మేడమ్. "నేను చెప్పాల్సింది ఒకటుంది. ఇలా మారగలగడం వల్లే ఇనుము మనకి పనికొస్తోంది. ఒంట్లో అది చేసే పనులు చాలావాటికి ఈ మార్పే ఆధారం. మీరు దాన్ని ఒక్కచోట కూర్చోమంటున్నారు. అది కూర్చోలేదు. నా మీద ఏ చర్య తీసుకున్నా తీసుకోండి. బీరువాలో మాత్రలు మాత్రం ఆ పిల్లలకి ఇవ్వనివ్వండి."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. విశ్వంభరం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నాకు అర్థం కాలేదనుకోకండి మేడమ్. ఉత్తర్వు నాది కాదు. ఇనుము రంగు తేలేదాకా నేను ఏమీ చేయలేను" అన్నారు.

'రంగు నిర్ణయించుటకు వీలుపడనందున విచారణ వాయిదా వేయడమైనది' అని నాచేత రాయించి వెళ్లిపోయారు. ఎప్పటికి వాయిదా వేశారో అందులో లేదు.

ఆ మర్నాడు గురువారం. నేను పోర్టల్ తెరిచి కూర్చున్నాను. లోహాల భాగంలోకి వెళ్లలేదు. పక్కనే 'బోధనా సామగ్రి' అని ఇంకో భాగం ఉంది. దానికి ఏ నిబంధనా లేదు, ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. సరుకు పేరు దగ్గర 'రంగు చాక్‌పీసులు' అని కొట్టాను. రంగు, నీలం. వినియోగం, వారానికి ఒకటి, విద్యార్థినికి. పోర్టల్ ఆకుపచ్చ టిక్కు పెట్టి 'ఆమోదించబడినది' అంది. ఇరవై రెండేళ్లలో నేను రాసిన మొదటి అబద్ధం అది.

ప్రింటు తీసి మేడమ్ దగ్గరికి తీసుకెళ్లాను. ప్రిన్సిపాల్ సంతకం కావాలి.

ఆవిడ చదివారు. "నూట పద్దెనిమిది చాక్‌పీసులు. ఇవెక్కడ ఉన్నాయి?"

"బీరువాలో ఉన్నాయి మేడమ్."

"చాక్‌పీసులేనా?"

"పోర్టల్ ప్రకారం చాక్‌పీసులే మేడమ్."

ఆవిడ పెన్ను తీసి, మూత పెట్టేసి, మళ్లీ తీశారు. కిటికీ బయట హాస్టల్ పిల్లలు కంచాలు పట్టుకుని వెళ్తున్నారు. కళావతి గడ్డానికి ఇంకా పట్టీ ఉంది.

"నేను చూసిందే రాయాలని ఈ పిల్లలకి రోజూ చెప్తాను" అన్నారు.

"మీరు రాయడం లేదు మేడమ్. రాసింది నేను. మీరు సంతకం పెడుతున్నారంతే."

ఆవిడ సంతకం పెట్టారు. ఎప్పుడూ పొడుగ్గా పూర్తి పేరు రాసే మనిషి ఆ రోజు రెండక్షరాలే గీశారు. పైడయ్య బీరువా తీశాడు. ఒంటిగంటన్నరకి నూట పద్దెనిమిది మంది పిల్లలు వరసగా వచ్చి చాక్‌పీసులు నోట్లో వేసుకుని మంచినీళ్లు తాగారు.

నవంబరులో పట్టుబడ్డామనే అనుకున్నాను. శాఖ నుంచి సీలు వేసిన కవరు వచ్చింది. చింపితే ప్రశంసాపత్రం. "రంగు చాక్‌పీసుల క్రమబద్ధ వినియోగమందు తమ కళాశాల రాష్ట్రములో ప్రథమ స్థానము పొందినది. విద్యార్థినుల హాజరు కూడ గణనీయముగ పెరిగినట్లు గమనించడమైనది. ఇందలి రహస్యమును ఇతర కళాశాలలు అధ్యయనము చేయవలెను."

అధ్యయనం మొదలైంది. ముందు పక్క మండలం కాలేజీ గుమస్తా ఫోన్ చేశాడు. "నరసింగరావన్నా, మీ చాక్‌పీసులు ఏ షాపులో దొరుకుతాయేటి?" అన్నాడు. మీ ఊరి ఆసుపత్రిలో దొరుకుతాయి అన్నాను. "ఓహో. మా బీరువాలో కూడా ఉన్నాయన్నా అవి" అన్నాడు. ఆ వారంలో పదకొండు కాలేజీల వాళ్లు ఫోన్ చేశారు. ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని రాలేదు.

శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసే వేళకి మళ్లీ ఫోన్ మోగింది. విశ్వంభరం గారు. ఆఫీసు నంబరు కాదు, సొంత నంబరు. లేచి నిలబడ్డాను.

"మా చెల్లెలి కూతురు మీ పక్క మండలం కాలేజీలో చదువుతోంది" అన్నారు. "రక్తం తక్కువన్నారు. నిన్న దానికి కూడా ఇచ్చారట, మీ చాక్‌పీసు."

ఆయన గొంతు తగ్గించారు.

"పాలతో వేసుకోవచ్చా?" అని అడిగారు.

"పాలూ టీలూ వద్దు సార్" అన్నాను. "అన్నం తిన్నాక, మంచినీళ్లతో."